జేజి వద్దన్న మందు

గిద్దలూరు పక్క పల్లెల్లో పడమటి దిక్కంతా నల్లమలే. మా ఊళ్లో పొద్దు గుంకకముందే ఇళ్లమీద కొండనీడ పడేది. నా చిన్నతనం 1970లలో గడిచింది. అప్పట్లో దగ్గొచ్చినా, కడుపునొప్పొచ్చినా ముందు మా జేజి దగ్గరికే వచ్చేవాళ్లు. ఆమె చదువుకున్న వైద్యురాలు కాదు. ఏ ఆకు దేనికి పనికొస్తుందో వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది.

మా దొడ్డికి కంచె అడ్డసరమే. ఆకు చేదు కాబట్టి మేకలు నోరు పెట్టేవి కావు. తెల్లటి పూలు, లోపల ఊదారంగు చారలు. పిల్లలం ఆ పూలు పెరికి మొదట్లోని తేనె చప్పరించేవాళ్లం. చలికాలంలో ఎవరైనా దగ్గుకుంటూ వస్తే జేజి ముదురాకులు కోసి, సెగకు వాడ్చి, రోట్లో దంచి, గుడ్డలో వేసి పసరు పిండేది. దాంట్లో తేనె కలిపి తన చేత్తోనే పోసేది.

ఒక పొద్దున పక్కింటి కొత్త కోడలు దగ్గుతో వచ్చింది. ఆకులు కోసిన జేజి, రోటి దగ్గర కూర్చోబోతూ ఆ అమ్మాయిని దగ్గరికి పిలిచి మెల్లగా ఏదో అడిగింది. ఆమె సిగ్గుపడుతూ తలూపింది. జేజి ఆకులు పక్కన పెట్టేసింది. "నీకిది వద్దు తల్లీ. కడుపుతో ఉన్నోళ్లకు అడ్డసరం పోయగూడదు. మిరియాల పాలు తాగు. తగ్గకపోతే గిద్దలూరు ఆస్పత్రికి పోండి" అంది.

ఆ మాట వెనకున్న సంగతి నాకు కాలేజీలో వృక్షశాస్త్రం చదివేటప్పుడు తెలిసింది. అడ్డసరం ఆకులో వాసిసిన్ అనే ఆల్కలాయిడ్ ఉంది. అది శ్వాసనాళాలను వదులు చేస్తుంది. దాని నిర్మాణం ఆధారంగానే 1960లలో బ్రోమ్‌హెక్సిన్ వచ్చింది. కఫం పలచబడడానికి డాక్టర్లు ఇప్పటికీ రాసే మందు అది. అయితే ఆ వాసిసినే గర్భాశయాన్ని కూడా ముడుచుకునేలా చేస్తుంది. జేజికి ఆ పదార్థం పేరు తెలియదు కానీ, అది ఎవరికి కీడు చేస్తుందో తెలుసు.

వానలు పడ్డాక ఆ కంచెమీదే పొడపత్రి తీగ అల్లుకునేది. రెండాకులు నమిలి బెల్లంముక్క నోట్లో వేసుకుంటే మట్టిపెళ్ల తిన్నట్టుండేది. చింతపండు పులుపు, ఉప్పురాయి ఉప్పదనం మాత్రం ఎప్పటిలాగే తెలిసేవి. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుకమీద తీపిని పసిగట్టే గ్రాహకాలకు అతుక్కుంటాయి. వాటి పట్టు వదిలేదాకా, అంటే అరగంట నుంచి గంట వరకూ, తీపి తెలియదు. ఆ ఆకుకు రక్తంలో చక్కెరను తగ్గించే గుణం కూడా ఉంది. అతిమూత్రంతో బాధపడే ఒక పెద్దాయన పొడపత్రి కోసం వస్తే, "కూడు తిన్నావా నాయనా?" అని అడిగాకే జేజి ఆకు చేతికిచ్చేది.

ఇప్పుడు ఆ ఆకులే పొడులై, మాత్రలై బజారుకొచ్చాయి. "ప్రకృతి సిద్ధం, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అని చెప్పి అమ్ముతున్నారు. ఆ మాట నిజం కాదు. ఆకులో రోగం మీద పనిచేసే పదార్థం ఉన్నప్పుడు, దానివల్ల చెడు జరిగే వీలూ ఉంటుంది. షుగర్ మాత్రలు మింగుతూ పైన పొడపత్రి పొడి వాడితే చక్కెర ఉండాల్సిన దానికన్నా కిందికి పడిపోవచ్చు. జేజి అడిగే ప్రశ్నలు ప్యాకెట్ అడగదు.

మీ ఇంట్లో ఆకుల సంగతి తెలిసిన పెద్దవాళ్లుంటే వాళ్లున్నప్పుడే అడిగి రాసి పెట్టుకోండి. ఏ ఆకు దేనికి మందో అడగడంతో ఆపకండి. ఎవరికి ఇవ్వకూడదు, ఎంతకు మించకూడదు, ఎప్పుడు ఆస్పత్రికి పంపాలి అన్నది కూడా అడగండి. మీరు ఏ ఆకు వాడుతున్నా ఆ సంగతి మీ డాక్టరుకు దాచకుండా చెప్పండి.