ఇంట ఫిల్ము కడుగుట

ఈ కాలమున ఛాయాచిత్రము తీయుటకంటె సులభమైన పని లేదు. చేతిలోని ఫోను నెత్తినంతనే బొమ్మ సిద్ధమగుచున్నది. అందుచేతనే కాబోలు, ఒకప్పుడు బొమ్మ పైకి వచ్చుటకు చీకటియు నీరును ఓర్పును వలసియుండెడివని మనలో చాలమంది మఱచితిమి. కాని నేటికిని ఎన్నో యిండ్ల బీరువాలలో కడిగింపని ఫిల్ము చుట్టలు పడియున్నవి. అట్టిదొకటి మా యింట దొరకుటచే మేమీ పని నేర్వవలసి వచ్చినది. నేర్చినదానిని మీకు తెలుపుట మా యుద్దేశము.

మా మామగారి పెట్టెలో ఒక ఆగ్ఫా క్లిక్ కెమెరా కనబడెను. 120 అను కొలత ఫిల్ముమీద 12 చదరపు బొమ్మలు తీయునట్టిది. లోపలనున్నది ‘ఇందు’ ఫిల్ము. ఊటీలో 1960లో స్థాపింపబడి ఇప్పుడు మూతపడిన హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారిది. కెమెరా వెనుకనున్న ఎఱ్ఱని కిటికీలో 8 అను అంకె నిలిచియుండెను. అనగా ఏడెనిమిది బొమ్మలు తీసియుండవలెను. మా అత్తగారు కాలము చేసి ఆఱేండ్లైనది. గుర్తింపు కార్డుమీది బొమ్మ తప్ప ఆమెది ఇంట మఱొకటి లేదు. పెండ్లిండ్లలో సైతము బొమ్మ తీయువేళకు ఆమె వంటయింటనే యుండెడివారు. ఈ చుట్టలో ఒక్కదానియందైన అమ్మ ఉండునేమోయని మావారి యాశ. పట్టణములోని స్టూడియోలో అడుగగా, చీకటిగది తీసివేసి చాలకాలమైనది, పాత ఫిల్ము పారవేయుడనిరి. పారవేయుటకు మనసొప్పలేదు, దూరపు నగరమునకు టపాలో పంపుటకు ధైర్యము చాలలేదు.

ముందుగా ఇందలి మర్మమును గ్రహించితిమి. ఫిల్ముమీది జిలాటిను పొరలో వెండి లవణపు కణములుండును. కెమెరాలో వెలుతురు తగిలిన కణమున కొలదిపాటి వెండి పరమాణువులు మాత్రమే ఏర్పడును. అవి కంటికి కానరావు. ఈ కానరాని బొమ్మను రసాయనముతో పైకి తేవచ్చునని ఇంగ్లండున టాల్బట్ అనునాయన 1840లో కనుగొనెను. మన వంటయింటి మాటలలో చెప్పవలెనన్న, వెలుతురు పాలకు తోడు పెట్టినది. డెవలపరు ఆ తోడును పట్టుకొని కణమునంతటిని వెండిగా మార్చును. పెరుగునకు వలెనే దీనికిని వేడియు కాలమును కుదురవలెను. తక్కువైన తోడుకొనదు, ఎక్కువైన పులియును.

ఇది మగవారి పనియని సంకోచింప నక్కఱలేదు. హైదరాబాదులో రాజా దీనదయాళ్ 1892లోనే ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగ జనానా స్టూడియో నెలకొల్పి, దానిని ఒక ఆంగ్లవనిత చేతిలో నుంచెను. మన దేశపు తొలి మహిళా పత్రికా ఛాయాచిత్రకారిణి హోమాయ్ వ్యారావాలా (1913–2012) పేరు మీలో చాలమంది వినియే యుందురు.

తొలుత క్రొత్త ఫిల్ము నొకదానిని కొని, పెరటి మందారమును, పిల్లలను తీసి, దానిపై చేయి తిరుగజేసికొంటిమి. పని యంతటిలో కష్టమైనది కటికచీకటిలో ఫిల్మును రీలునకు చుట్టుట. పనికిరాని ఫిల్ముతో వెలుతురులో కొన్నిమాఱులు, కన్నులు మూసికొని కొన్నిమాఱులు అభ్యసించితిమి. రాత్రివేళ సామానుగది తలుపు సందులలో పాతచీరలు కూరి, లోపల కొంతసేపు కూర్చుండి, ఎందును వెలుతురు చొచ్చుట లేదని నిశ్చయించుకొని పిదప చుట్టితిమి. రీలును ట్యాంకులో నుంచి మూత బిగించినపిమ్మట దీపము వేయవచ్చును. ఆ మూత ద్రవమును పోనిచ్చును గాని వెలుతురును రానీయదు.

మేము వాడినది 1927 నాటినుండి వాడుకలోనున్న డి-76 అను డెవలపరు. ఇది 20 డిగ్రీల సెంటిగ్రేడున ఉండవలెను. మన యెండలలో కుళాయినీరే 30 దాటును గదా! వెడల్పాటి తొట్టిలో మంచుగడ్డలు వేసి అందులో సీసాలు నిలిపితిమి. హెచ్.పి.5 ప్లస్ అను మా క్రొత్త ఫిల్మునకు, నీరు కలుపని డి-76లో 7½ నిమిషములు కావలెను. ప్రతి నిమిషమునను 10 సెకన్లపాటు ట్యాంకును మెల్లగ తలక్రిందులు చేయుచుండవలెను. తరువాత నీటితో తొలిచి ఫిక్సరు పోయవలెను. వెలుతురు తగులక మిగిలిన లవణమును ఇది కరగించి తీసివేయును. ఇది లేనిచో వచ్చిన బొమ్మ వెలుతురులో నల్లబడి నశించును. హైపోకు ఈ గుణము కలదని జాన్ హెర్షెల్ 1819లోనే కనుగొనెను.

నీటికి కఱవున్న యిండ్లకు ఒక ఉపాయము కలదు. ట్యాంకు నిండ నీరు పోసి 5 మాఱులు తిప్పి పారబోయుడు. మరల నింపి 10 మాఱులు, మరల నింపి 20 మాఱులు తిప్పుడు. ఫిల్ము శుభ్రపడును. ఈ పనికి వాడిన పాత్రలను తిరిగి వంటకు వాడరాదు. చేతులకు తొడుగులుండవలెను. వాడిన ఫిక్సరులో వెండి యుండును గనుక బావి యొద్దను చెట్ల పాదులలోను పోయరాదు. రంగుల ఫిల్మునకు ఈ పద్ధతి వేఱు.

అటుపిమ్మట పాతచుట్టకు పూనుకొంటిమి. బొమ్మ తీయని చివరిముక్కను చీకటిలో కత్తిరించి ముందుగా కడిగి, ఎంత మసక పట్టియున్నదో చూచితిమి. మిగిలినదానిని ట్యాంకులో నుంచి గడియారము ముందు కూర్చున్న ఆ నిమిషములు పిల్లల పరీక్షాఫలితములకంటె బరువుగ నుండెను. మూత తీయగా, ఏండ్ల యెండకు నాలుగు బొమ్మలు పూర్తిగ మాసిపోయియున్నవి. ఒకదానిలో మామగారి సైకిలు; ఒకదానిలో ఎవరో పిల్లలు. వేఱొకదానిలో పెరటి యరుగుపై వంగి వడియములు పెట్టుచున్న మా అత్తగారు! తెలుపు నలుపై నలుపు తెలుపైన ఆ నెగెటివులో చీర యంచును బట్టి మావారే మొదట గుర్తించిరి. మొగము సగము అటు తిరిగియున్నది. చేతి గాజులు మాత్రము లెక్కింపదగినంత స్పష్టము. మావారొక్క మాటయు పలుకలేదు. ఫిల్ము ఆఱువఱకు స్నానపుగది గుమ్మము విడువలేదు.

భారతమున ఆశ్రమవాసపర్వములో వ్యాసభగవానుడు యుద్ధమున మడిసినవారిని గంగాజలమునుండి లేపి గాంధారికిని కుంతికిని చూపును. కాని అది ఒక్క రాత్రికే. తెల్లవారుసరికి వారు మరలిపోవుదురు. మా యింట నీటినుండి లేచిన ఈ రూపము తెల్లవారినను నిలిచియున్నది.

కావున మీ యింట పాత కెమెరా యున్నయెడల దానిని వెలుతురులో తెఱువకుడు. దొరకిన చుట్టను ఎండ తగులని చల్లనిచోట నుంచుడు. కడుగ నేర్చుకొనుడు; లేదా నగరములలో నేటికిని కడుగువారు కలరు, వారి కిండు. అంతకంటె ముఖ్యమొకటి కలదు. నేడు మీ చేతిలోనున్న ఫోనును పండుగనాడు ముందుగా వంటయింటివైపు త్రిప్పుడు. అందఱిని కూర్చుండబెట్టి బొమ్మ తీయించి, తాము మాత్రము పొయ్యి యొద్ద నిలిచిపోవువా రచ్చటనే యుందురు.