చంద్రపూర్‌లో మండలం రోజుల అతిథి

ఖమ్మంలో రాత్రి రైలెక్కితే కాజీపేట, మంచిర్యాల, సిర్పూర్ కాగజ్‌నగర్ దాటి తెల్లవారేసరికి బల్లార్షాలో దిగవచ్చు. అక్కడికి చంద్రపూర్ పదిహేను కిలోమీటర్లు. బ్యాంకు ఉద్యోగికి బదిలీలు కొత్త కాదు. అయినా 2022లో నన్ను ఈ ఊరికి వేశారని తెలిసినప్పుడు మా ఆవిడ "అక్కడ మన భాష మాట్లాడేవాళ్ళుంటారా అండీ?" అని దిగులుపడింది. తీరా వచ్చి చూస్తే మొదటిరోజే కూరగాయల బజారులో తెలుగు వినిపించింది. బొగ్గు గనుల్లోనూ, బల్లార్‌పూర్ కాగితం మిల్లులోనూ పనికి వచ్చి, రెండు మూడు తరాలుగా ఇక్కడే స్థిరపడిన మనవాళ్ళు ఎందరో ఉన్నారు. పక్కనున్న రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలోనే ఉండేది.

ఈ ఊరి పాత పేరు చాందా. గోండు రాజులు కట్టించిన కోటగోడ ఇప్పటికీ పాత ఊరిని చుట్టుకొని ఉంది. జట్‌పురా, పఠాన్‌పురా, బిన్‌బా, అంచలేశ్వర్ అని నాలుగు పెద్ద దర్వాజాలు. 2017లో ఇకో-ప్రో అనే స్థానిక సంస్థ యువకులు నెలల తరబడి శ్రమించి ఈ గోడ మీది పిచ్చిమొక్కలు, చెత్త తొలగించారు. ఆ గోడ తొర్రల్లో రామచిలుకలు కాపురముంటాయి. సాయంత్రం పూట గోడ మీదుగా బారులు తీరి అరుచుకుంటూ పోతుంటే చూడముచ్చటగా ఉంటుంది. మరాఠీవారు చిలుకను 'రాఘూ' అంటారు. మనకు రామచిలుక, వారికి రాఘూ. ఏ భాషలో పిలిచినా పేరు మాత్రం ఆ స్వామిదే!

2024 ఏప్రిల్‌లో, చైత్రమాసపు మహాకాళీ జాతర రోజుల్లో, మా ఇంటికి ఒక రాఘూ వచ్చింది. పక్కవీధిలో అద్దెకున్నవారెవరో ఇల్లు ఖాళీ చేస్తూ పంజరాన్ని డాబా మీదే వదిలిపోయారు. అంత ఎండలో గిన్నెలో నీటిచుక్క లేదు. పనమ్మాయి చెబితే వెళ్ళి తెచ్చాను. రొమ్ము మీద ఈకలు లేక చర్మం ఎర్రగా కనిపిస్తోంది. రెక్కలు కత్తిరించి ఉన్నాయి. చెయ్యి దగ్గరికి పోతే చాలు, కీచుమని అరుస్తూ ఊచలకు కొట్టుకునేది. మధ్యాహ్నం గనుల్లో పేలుళ్ళకు మా కిటికీ అద్దాలు అదురుతాయి. ఆ సమయంలో దాని అవస్థ చూడలేకపోయేవాళ్ళం. తలుపు గంట మోగితే మాత్రం "కోణ్ ఆహే?" అని మరాఠీలో గట్టిగా అడిగేది. ఎవరో ముద్దుగా నేర్పిన మాటే మరి!

మర్నాడు పశువైద్యురాలి దగ్గరికి తీసుకువెళ్ళాం. ఆమె ముందు తల, తరువాత రొమ్ము చూసి, "ముక్కుకు అందని తల మీద ఈకలన్నీ ఉన్నాయి. అందిన చోట లేవు. అంటే ఇది తనే పీక్కుంటోంది" అన్నారు. అయినా వెంటనే బెంగ అని తేల్చేయలేదు. పురుగులు, చర్మవ్యాధి, పంజరం తీగల తుప్పు, తిండిలో లోపం ఒక్కొక్కటే పరిశీలించాలన్నారు. తూకం వేశారు, రెట్ట పరీక్ష చేయించారు. పొద్దుతిరుగుడు గింజలు, పాలలో నానిన చపాతీ తప్ప మరొకటి ఎరగని చిలుకలకు 'ఎ' విటమిన్ తక్కువై చర్మం పాడవుతుందట. పైన ఒంటరితనం, భయం, చాలని నిద్ర. మెడకు గీత లేదు కనుక ఆడదైనా కావచ్చు, మూడేళ్ళు నిండని మగదైనా కావచ్చునట.

అంతా చెప్పి చివర, "సర్, వైద్యం చేస్తాను. కానీ ఇది మీది కాదు" అన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలుకలను ఇంట్లో పెంచడం నేరం. జైలు, జరిమానా రెండూ ఉన్నాయి. మన పక్షుల వ్యాపారం 1990-91 నుంచే నిషిద్ధం. ఆవిడే అటవీశాఖకు ఫోను చేశారు. వారు వచ్చి పంచనామా రాశారు. ఈ స్థితిలో కదిలిస్తే ప్రమాదమని డాక్టరు రాసివ్వడంతో, కోలుకునే వరకు చికిత్స కోసం మా ఇంట్లోనే ఉంచేలా సుపుర్ద్‌నామా మీద నా సంతకం తీసుకున్నారు. బ్యాంకు భాషలో చెప్పాలంటే సేఫ్ కస్టడీ. వస్తువు మన లాకర్లో ఉన్నా మనది కాదు.

చికిత్స చాలావరకు మందుసీసాలో లేదని తరువాత తెలిసింది. పంజరాన్ని గోడకు ఆనించి, ఒక పక్క బట్ట కప్పి దాక్కునే చోటు చేశాం. రాత్రి పన్నెండు గంటలు చీకటి, నిశ్శబ్దం. ఎదురుగా నిలబడి కళ్ళలోకి చూడకూడదు, చెయ్యి లోపల పెట్టకూడదు. అరిచినప్పుడు పరుగెత్తి వెళ్ళకుండా, ఊరుకున్నప్పుడు మెల్లగా పలకరించాలి. జామకాయ, కారట్, మునగాకు, కొత్తిమీర కొద్దికొద్దిగా అలవాటు చేశాం. కొన్నింటిని కాగితంలో పొట్లం కట్టి ఇస్తే, విప్పుకునే పనిలో పడి ఈకల మాట మరిచేది. రోజూ సన్నగా నీళ్ళు చిలకరించాం. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ పక్షుల ప్రాణం తీస్తుందన్నారు. ఆ పెనం అటకెక్కింది. మనుషుల దిగులుకు ఇచ్చేలాంటి మందులు పక్షులకూ ఉన్నాయట గానీ, అవి చివరి మెట్టు అన్నారు. అంతవరకు పోలేదు.

పదమూడో రోజున మా ఆవిడ ఊచల సందులోంచి పచ్చిమిరపకాయ అందిస్తే వచ్చి పుచ్చుకుంది. మిరపలోని మంట పక్షుల నాలుకకు తెలియదట. "అచ్చం మన ఖమ్మం పిల్లే!" అని ఆవిడ మురిసిపోయింది. మరో పది రోజులకు గనిలో పేలుడు వినిపించినా మెడ ఎత్తి ఒకసారి చూసి, మళ్ళీ తిండిలో పడింది. రొమ్ము మీద లేత ఈకలు ముళ్ళలా మొలిచాయి.

అసలు చిక్కు అప్పుడే వచ్చింది. పిల్లలిద్దరూ దూరదేశాల్లో ఉన్న ఇల్లు మాది. చాలా ఏళ్ళ తరువాత ఆవిడ పొద్దున్నే ఎవరితోనో మాట్లాడుతూ కాఫీ కలుపుతోంది. ఒక రాత్రి, "ఎగిరిపోయిందని చెబితే ఎవరొచ్చి చూస్తారండీ?" అంది. ముప్ఫయ్యేళ్ళుగా ఇతరుల సంతకాలు సరిచూసినవాణ్ణి, నా సంతకం సంగతి ఆ క్షణాన నాకూ బరువుగానే తోచింది. నిజం చెప్పాలంటే వెంటనే కాదనలేకపోయాను.

అప్పుడు నాయనమ్మ చెప్పిన కథ గుర్తుకొచ్చింది. మా జిల్లా నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, అదే భద్రాచల రామదాసు, గత జన్మలో ఒక చిలుకను పన్నెండు రోజులు పంజరంలో ఉంచాడట. అందుకే ఆయనకు గోల్కొండలో పన్నెండేళ్ళ చెర అని మావైపు చెప్పుకుంటారు. అది చెబితే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "మనం వైద్యం కోసం ఉంచాం కదండీ" అంది. "ఔను. వైద్యం అయిపోయింది కదా" అన్నాను.

కోట దగ్గర వదిలేస్తే గుంపులో కలిసిపోతుందని పొరుగాయన సలహా ఇచ్చాడు. డాక్టరుగారు వారించారు. కత్తిరించిన ఈకలు కొత్తగా మొలిచేదాకా అది సరిగా ఎగరలేదు, తిండి వెతుక్కోవడమూ తెలియదు. కాకులో పిల్లులో సాయంత్రంలోగా పట్టుకుపోతాయన్నారు.

నలభై ఒకటో రోజున, అంటే సరిగ్గా మండలానికి, డాక్టరుగారి ధ్రువపత్రం జతచేసి అటవీశాఖ వారికి అప్పగించాం. రసీదు తీసుకున్నాను. మా ఆవిడ పొట్లంలో నాలుగు పచ్చిమిరపకాయలు కట్టి ఇచ్చింది. వర్షాలు మొదలయ్యాక డాక్టరుగారు ఫోను చేసి, దాన్ని పెద్ద గూట్లో మరికొన్ని చిలుకలతో కలిపారనీ, ఈకలు పీక్కోవడం లేదనీ, మాటలు తగ్గించి తోటి చిలుకల్లా అరుస్తోందనీ చెప్పారు. అడవికి పనికివస్తుందో లేదో రెక్కలు పూర్తిగా వచ్చాకే తేలుతుందన్నారు. ఆ మాట వినిపించగానే మా ఆవిడ కళ్ళు తుడుచుకొని, "పోనీలెండి, దాని భాష దానికి వచ్చింది" అంది.

మీ వీధిలోనూ ఇలాంటి పంజరం కనిపించవచ్చు. తెలియక తలుపు తీసి వదిలేయకండి, జాలిపడి ఉంచేసుకోకండి. ముందు పశువైద్యుడికి చూపించండి, అటవీశాఖకు తెలియజేయండి. మహారాష్ట్రలో అయితే 'హలో ఫారెస్ట్' నంబరు 1926. ఖాళీ పంజరాన్ని మేము పాత ఇనుముకు వేసేశాం. సాయంత్రాలు జట్‌పురా దర్వాజా వైపు నడకకు వెళ్ళినప్పుడు, పైన చిలుకల బారు పోతుంటే ఇద్దరం ఆగి తలెత్తి చూస్తాం.