ఊజ్ నదిమీద నిదాన ప్రయాణము

ఇంగ్లాండు అనగానే మనకు లండన్ నగరమే తలపుకు వస్తుంది. అయితే ఆ దేశపు తూర్పు ప్రాంతంలో గ్రేట్ ఊజ్ అనే నెమ్మదైన నది ఉన్నది. మన గోదావరి ప్రక్కన అది పెద్ద కాలువంత మాత్రమే. బెడ్‌ఫోర్డు పట్టణం నుండి సముద్రం వరకు దానిలో పడవలు నడుస్తాయి. వేసవిలో కొన్ని దినాలు మేము ఆ నదిమీద ప్రయాణించాము.

బెడ్‌ఫోర్డు జాన్ బన్యన్ గారి ఊరు. గిన్నెలకు మాట్లు వేసి జీవించిన ఆయన, అనుమతి లేకుండా ప్రసంగించినందుకు 1660 నుండి 1672 వరకు ఇక్కడ చెరసాలలో ఉన్నారు. ఆయన వ్రాసిన ‘యాత్రికుని ప్రయాణము’ 1678లో అచ్చయింది.

అక్కడి నుండి సెయింట్ నియోట్స్, హంటింగ్‌డన్ పట్టణాలు దాటాము. ఒడ్డున ఆవులు మేస్తుంటాయి, నీటిలో హంసలు తిరుగుతుంటాయి. జూన్ నెలలో రాత్రి తొమ్మిదైనా వెలుతురు పోదు. హెమింగ్‌ఫోర్డ్ గ్రే గ్రామంలో ఏటి అంచునే దేవాలయం ఉన్నది. 1741లో గాలివానకు విరిగిన దాని శిఖరం నేటికీ మొండిగానే ఉన్నది. సెయింట్ ఐవ్స్‌లో పాత రాతివంతెన నడుమ చిన్న ప్రార్థనాలయం నిలిచి ఉన్నది.

దారిలో లాకులు వస్తాయి. గోదావరి, కృష్ణా కాలువల వారికి వీటిని వివరించనక్కరలేదు. పడవ లోపలికి వెళ్లాక వెనుక తలుపు మూసి, నీళ్లు వదిలి, మట్టం సమమయ్యేవరకు కాచుకోవాలి. ఎంత గొప్పవాడైనా అక్కడ తొందరపడి లాభం లేదు.

ఒకనాడు ఒక పడవ మమ్మల్ని దాటి జోరుగా పోయింది. దాని వెనుక లేచిన అల ఒడ్డు మట్టిని కోసింది. రెల్లులోని నీటికోడి గూడు ఊగిపోయింది. ఒడ్డున కట్టిన పడవలో టీ కాచుకుంటున్న పెద్దావిడ కెటిల్ ఒలికింది. పోయినవారు వెనుదిరిగి చూడలేదు. ఆ నదిమీద వేగానికి హద్దు ఎందుకు పెట్టారో మాకప్పుడు బోధపడింది. నిదానం సోమరితనం కాదు, అది ఒడ్డున ఉన్నవారిపట్ల మర్యాద.

మన ఇళ్లలోనూ మెల్లగా నడిచే వృద్ధులు, చిన్నబిడ్డలు ఉన్నారు. మన తొందర అల ఎవరిని తాకుతున్నదో ఒకసారి వెనుదిరిగి చూద్దాము.