మంచుకొండ నేర్పిన పాఠము

మండవల్లిలో బుట్టి పెరిగిన యాడుదానికి మంచుతో నేమి పని? మాకు మంచనగా పుష్యమాసపు వేకువను వరిచేల మీదను, చేపల చెఱువుల మీదను బలుచగా బఱచుకొని, ప్రొద్దెక్కగానే మాయమగునదే. అది చేతికి జిక్కదు, కాలికి దగులదు. అట్టి నేను నలువదియైదేండ్లు నిండిన పిదప నొక శీతకాలమంతయు హిమపర్వతముల మీద గాళ్ళకు బలకలు గట్టుకొని జాఱితినన్నచో మా యూరివారికి నవ్వు రాక మానదు. మా అమ్మ మాత్రము నవ్వలేదు. "ఒళ్ళు దగ్గర పెట్టుకోవే. కాలో చెయ్యో విరిగితే అంత దూరంలో నిన్నెవరు చూస్తారు?" అని టెలిఫోనులో మందలించినది. ఆ మాట యెవరియెడల నిజమైనదో ముందు చెప్పెదను.

మేము నలుగురము స్నేహితురాండ్రము అమెరికాలో సియేటిల్ నగర ప్రాంతమున గాపురమున్నాము. మాకు పేళ్ళకంటె నూళ్ళతో బిలుచుకొనుటయే యలవాటు. తెనాలి అక్కయ్య యందఱిలో బెద్ద. పిల్లలు చదువులకై దూరమేగిరి. నరసాపురపు వదిన వంటలో దిట్ట, కారు నడుపుటలో నంతకంటె దిట్ట. హనుమకొండ చెల్లెలు కంప్యూటరు కొలువున నున్న చిన్నది. నాలుగవదానను నేను. ఏండ్ల తరబడి మేము కలసికొనుట వ్రతములకును, విందులకును మాత్రమే. అక్కడను వంట మాది, వడ్డన మాది, అంట్లు మావి. 2022వ సంవత్సరమున కార్తీక వనభోజనమను పేర నొకరి యింటిలోనే జరిగిన విందునాడు తెనాలి అక్కయ్య చేతులు దుడుచుకొనుచు, "ఇన్నేళ్ళూ పిల్లల్ని కొండ మీదికి తీసుకెళ్ళి, వాళ్ళు జారుతూంటే కింద కూచుని కోట్లు కాపలా కాశాను. ఈ ఏడు నేనే ఎక్కుతాను. ఎవరొస్తారు?" అని యడిగినది. హనుమకొండ చెల్లెలు వెంటనే చేయెత్తినది. నరసాపురపు వదిన, "కారు నేను నడుపుతాను, పులిహోర నేను తెస్తాను, ఎక్కమని మాత్రం అడక్కండి" అన్నది. నేను మాఱు పలుకకుంటిని. పలుకకుండుట యొప్పుకొనుటయే యని వారు తీర్మానించిరి.

సియేటిల్‌కు దూర్పున సుమారు 50 మైళ్ళ దూరమున గాస్కేడ్ పర్వతములలో స్నోక్వాల్మీ యను కనుమ కలదు. దాని యెత్తు సముద్రమట్టము మీద సుమారు 3,000 అడుగులు. పసిఫిక్ మహాసముద్రము నుండి వచ్చు తడిగాలి యీ కొండలను దాకి పైకెగసి, చల్లబడి, హిమముగా గురియును. ఆ శ్రేణిలోనే యుత్తరముననున్న బేకర్ పర్వతపు క్రీడాస్థలమున 1998-99 శీతకాలమునందు గురిసిన మంచంతయు గూడినచో 1,140 అంగుళములైనదట. అనగా 95 అడుగులు, మా గట్ల మీది పెద్ద తాటిచెట్టంత! మేమా డిసెంబరు మొదలుకొని శనివారము శనివారమును వేకువనే బయలుదేఱి పోవుచుంటిమి.

మొదటినాటి వేషము చెప్పకున్న దీఱదు. నూలుబట్టలు పనికిరావు, అవి చెమటను బీల్చి తడిసి చలి బుట్టించును. లోపల నున్ని చొక్కా, పైన నీరంటని కోటు, తలకు శిరస్త్రాణము, కన్నులకు గాజు ముసుగు. చీలమండ కదలకుండ బట్టి యుంచు బరువైన బూట్లలో గాలు దూర్చుట కరగంట పట్టినది. ఆ బూట్లకు నిలువెత్తు పలకలు బిగింతురు, వానినే స్కీలందురు. గట్టిగా బడినపుడు బిగింపు తనంతట దా నూడి కాలిని రక్షించును. హనుమకొండ చెల్లెలు మాత్రము రెండు కాళ్ళు నొకే పలకపై నడ్డముగా నిలిపి జాఱు స్నోబోర్డును గోరినది. దాని పుట్టుక విని నేను మిక్కిలి సంతసించితిని. 1965వ సంవత్సరమున గ్రిస్మసునాడు మిషిగన్ రాష్ట్రమున షెర్మన్ పాపెన్ అనునాతడు తన యాడుబిడ్డల నాటకై రెండు స్కీలను జతచేసి యొక బల్లగా గట్టియిచ్చెనట. దానికి స్నర్ఫర్ అని పేరిడినది యాతని భార్య. నేటి స్నోబోర్డున కదియే పూర్వరూపము.

మాకు జదువు చెప్పినది యిరువదియేండ్ల చిన్నది. జాఱుట నేర్పునని తలచితిమి. ఆమె మొట్టమొదట బడుట నేర్పినది. పడక తప్పదని తోచినపుడు వెనుకకు గాక, చేతులు నేల కానింపక, కొండవైపునకు బ్రక్కగా నొరగవలెను. లేచునపుడు స్కీలను వాలునకడ్డముగా, దనకు దిగువనుంచుకొని, ప్రక్క నుండి లేవవలెను. వాలునకు నిలువుగా నుంచినచో లేచుచుండగనే జాఱిపోవుదుము. ఆగుటకు ముందు కొనలను దగ్గఱచేసి వెనుక కొనలను దూరముచేసి, ముక్కోణముగా నిలుపవలెను. ఇవి నేర్చుటకు రెండు శనివారములు పట్టినవి. ఎన్నిసారులు పడితినో లెక్క మఱచితిని. పెండ్లియైన నాటినుండి పదిమందిలో బడి నవ్వులపాలు గాకుండుటయే మర్యాదయని నమ్మినదానను. అక్కడ బడని మనుష్యుడు లేడు. అయిదేండ్ల బిడ్డయు, డెబ్బదియేండ్ల వృద్ధుడును బడుచునే యుండిరి. నవ్విన వారెవరును లేరు. అక్కడి నియమములలో నొకటి నాకు మిక్కిలి నచ్చినది: ముందు, దిగువను బోవు వారిదే హక్కు, వెనుకనుండి వేగముగా వచ్చువారే తప్పుకొని పోవలెను. నేర్పరి నేర్వనివారిని గాచుటయన్న మాట!

పైకి గొనిపోవుటకు దీగలకు వ్రేలాడు కుర్చీలు కలవు. ఇట్టివాని నాదిగా 1936లో ఐడహో రాష్ట్రపు సన్ వ్యాలీలో నెలకొల్పిరి. రైల్వే కంపెనీ యింజనీరగు జేమ్స్ కర్రన్, ఓడలలోనికి అరటిగెలలను గొక్కెములకు దగిలించి చేరవేయు యంత్రమును జూచియుండుటచే, గొక్కెమునకు బదులు కుర్చీ వ్రేలాడదీసెనట. నేనీ కథ చెప్పగా నరసాపురపు వదిన, "అయితే మనం గెలల మన్నమాట!" అని నవ్వినది. జనవరి వచ్చుసరికి ఆమెయు నొక గెలయై పైకెక్కినది.

ఇట్లు సంతసముగా గడచుచుండ, నొకనాడు తేలిక వాలులు విడిచి, నీలపు చతురస్రపు గుఱుతుగల నడిమి వాలు మీదికి బోయితిమి. అక్కడ పచ్చని వృత్తము తేలిక దారికిని, నల్లని వజ్రము కఠినమైన దారికిని గుఱుతులు. కుర్చీ దిగి క్రిందికి జూచితిని. గుండె యాగినంత పనియైనది. అందఱు దిగిపోవుచుండ నేనక్కడనే మంచులో గూలబడితిని. మూడు పావుగంటలు కదలలేదు. భయపడినవారు వెనుకకు వంగుదురు; వెనుకకు వంగినచో స్కీలు మాట వినవు, వేగము హెచ్చును, పాటు తప్పదు. భయమే భయపడినదానిని దెచ్చిపెట్టును. నాకిది తెలియును, అయినను దేహము వినదే! తెనాలి అక్కయ్య నన్ను దిట్టలేదు, ధైర్యము చెప్పలేదు. నాకు పది యడుగులు దిగువన నిలిచి, నా వైపు తిరిగి, "లోయను చూడకు. నన్ను చూడు. ఇక్కడిదాకా వస్తే చాలు" అన్నది. వచ్చితిని. మఱల బది యడుగులు దిగినది. అట్లొక గంటకు క్రిందికి జేరితిమి.

సాయంకాలము కారులో గూర్చుండి టెలిఫోను చూచితిని. కొండలలో నందక నిలిచిపోయిన పిలుపులు మా తమ్ముని నుండి తొమ్మిది. అమ్మ నూతిగట్టు వద్ద నాచుమీద జాఱి పడినది. తుంటి యెముక విఱిగినది. ఏలూరు ఆసుపత్రిలో నున్నది. కాలో చెయ్యో విఱుగునని నన్ను మందలించిన తల్లి యచ్చట బడియుండగా, నేనిచ్చట మంచుపై నాటలాడుచున్నాను. ఆనాటి నా మనఃస్థితి వ్రాయజాలను. నరసాపురపు వదిన కారు నడుపుచునే యొక చేత నా చేయి పట్టుకొని యుండినది.

నేను చేరునప్పటికి శస్త్రచికిత్స జరిగియుండెను. వారమునకెల్ల నింటికి గొనివచ్చితిమి. వైద్యులు చెప్పినది స్పష్టము: ఎముకను నిలుపుట తమ పని, నడచుట ఆమె పని, మంచమునే పట్టియున్నచో గండరములు క్షీణించును, వీపున బుండ్లు పడును, ఊపిరితిత్తులకు జబ్బు చేయును. నడిపించుటకు వచ్చిన యతడు చతుష్పాదపు చట్రమును ముందుంచి, పిదప నొప్పికాలు, పిదప మంచికాలు వేయవలెనని నేర్పెను. అమ్మ వినునుగాని లేవదు. "మళ్ళీ పడితే?" అను నొక్కటే మాట. మా తమ్ముడు బ్రతిమాలెను, కోపించెను. మా మరదలు కంటనీరు పెట్టుకొనినది. ఇరుగుపొరుగువారు, "లే పిన్నీ, ఏం కాదు" అని పోవుచుండిరి. ఏమియు గాదని చెప్పుట సులభము! ఆ మాట కొండమీద నాకును జెప్పియున్నచో నేనింకను నక్కడనే కూర్చుండి యుందును.

ఒక యుదయమున నేనామె మంచమున కెదురుగా రెండడుగుల దూరమున నిలిచితిని. మరదలు చట్రమును బట్టి ప్రక్క నుండెను. "అమ్మా, నేల చూడకు. నన్ను చూడు. ఇక్కడిదాకా వస్తే చాలు" అంటిని. అమ్మ నా మొగము వంక దేఱిపాఱ జూచినది. "ఈ మాట నీకెవరు చెప్పారే?" అన్నది. చెప్పితిని. అప్పుడామె చెప్పిన సంగతి నేనన్నడు నెఱుగనిది. అమ్మ పుట్టినది కొల్లేటిలోని పెనుమాకలంక. పదేండ్ల పిల్లగా నున్నపుడు మా తాతగారు తాటిదోనెలో నామెను నిలువబెట్టి గడ వేయుట నేర్పిరట. తాటిమ్రానును దొలిచి చేసిన యా దోనె యొక్క యడుగు తప్పుగా వేసిన దొరలును. "మోకాళ్ళు బిగించకు, నీళ్ళు చూడకు, ఎదర లంకను చూడు" అని యాయన చెప్పుచుండెడివారట. పెండ్లి నాటివఱకు నామె యొంటరిగా గడ వేసికొనిపోయెడిదట. "తర్వాత?" అంటిని. "తర్వాతేముంది, కోడలు గడ వేస్తుందా?" అన్నది. నా చిన్ననాట దోనె యెక్కి యమ్మమ్మ యింటికి బోవునపుడెల్ల అమ్మ కొంగు కప్పుకొని నడుమ గూర్చుండుటయే చూచితిని. గడ వేయుట యెఱిగి కూర్చున్నదని యెన్నడు దలపలేదు.

ఆ దినమున రెండడుగులు వేసినది. మఱునాడు నాలుగు. పందొమ్మిదవ నాడు నూతిగట్టుదాక వచ్చి, తాను పడిన చోటును జూచి, "నాచు గీకించండి" అని యాజ్ఞాపించినది. ఇంతకంటె గొప్పలు చెప్పుకొనుట న్యాయము కాదు. నేనున్నది నెలదినములు, అమ్మకు నీళ్ళుపోసి, మందులిచ్చి, రాత్రులు మేలుకొనినది మా మరదలు, ముందును వెనుకను గూడ. అమ్మ చేతికఱ్ఱ విడిచినది లేదు. ఫాల్గుణమున నూరివారు కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు బోవుచుండ వాకిటనే కూర్చుండి చూచినది. 2024లో గారెక్కి తానును బోయి వచ్చినది.

నేను తిరిగి వచ్చునప్పటికి మార్చి నెల. మంచు కరుగ నారంభించి బరువెక్కినది. మా స్నేహితురాండ్రు నా కొఱకు గడపటి శనివారము నిలిపియుంచిరి. నరసాపురపు వదిన యిప్పుడు నాకంటె బాగుగ మలుపులు తిరుగుచున్నది. నేను మఱల నా నీలపు వాలెక్కి, మోకాళ్ళు సడలించి, దూరమున నున్న దేవదారు గుంపును జూచుచు దిగితిని.

సోదరీమణులారా! అందఱు మంచుకొండ లెక్కవలెనని నేననను. అది వ్యయముతో గూడినది, అపాయము లేనిదియు గాదు. మనదేశమునను గాశ్మీరపు గుల్మార్గునను, ఉత్తరాఖండపు ఔలీలోను నీ క్రీడ కలదు. శైలజాకుమార్ 1988లో గాల్గరీ శీతకాల ఒలింపిక్కులలో మన దేశము పక్షమున స్కీలపై బోటీపడినది. మన తెలుగు బిడ్డ మాలావత్ పూర్ణ 2014లో బదుమూడేండ్ల వయసుననే యెవరెస్టు నధిరోహించినది. కాని నేను జెప్పదలచినది మీ యింటి వాకిలి సంగతి. నూతికడ నాచు గీకింపుడు. స్నానపు గదిలో బట్టుకొనుట కొక కడ్డీ పెట్టింపుడు. మెట్ల కడ దీపము పెట్టుడు. ఏబదియేండ్లు దాటిన స్త్రీల యెముకలు పలుచనగునని మఱవకుడు. ఇంటిలో నెవరైన బడి, లేచుటకు వెఱచినచో, ఏమియు గాదని చెప్పి పోకుడు; రెండడుగుల దూరమున నెదురుగ నిలువుడు.

ఆ కడపటి సాయంకాలము కొండదిగి అమ్మను బిలిచితిని. "పడ్డావా?" అని యడిగినది. "మూడుసార్లు" అంటిని. "లేచావుగా. సరే, అన్నం తిని పడుకో" అన్నది.