రాముడి మేనమామల ఊళ్లు

విశాఖ నుంచి రాయ్‌పూర్ వెళ్లే రైలు మహాసముంద్ వదిలి మహానది వంతెన దాటిందంటే చాలు, జనం సీట్ల కింది సామాన్లు బయటికి లాగడం మొదలుపెడతారు. ఆ హడావుడిలోనే ఆరంగ్ వెళ్లిపోతుంది. దాని వెనకే మందిర్ హసౌద్ అని రాసి ఉన్న పసుపు బోర్డు కూడా వెళ్లిపోతుంది. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్-విశాఖ మధ్య తిరుగుతున్న వందేభారత్‌కైతే అక్కడ ఆగే పనే లేదు. చిన్నప్పటి నుంచీ ఈ దారిలో తిరుగుతున్నా నాకు ఆ ఊరంటే కిటికీలోంచి కనబడే చెరువుగట్టు, నాలుగు లారీలు, అంతే. 2025 వేసవిలో, అక్తీ పండగనాడు, పనిగట్టుకుని వెళ్లి అక్కడ దిగాను. మన అక్షయ తృతీయనే అక్కడ అక్తీ అంటారు. ఆ ఏడు ఏప్రిల్ 30న వచ్చింది.

మా బాబాయి రాయ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి కుర్రతనంలో వచ్చినవాడు ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఆ చుట్టుపక్కల వీధుల్లో అలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. వాకిట్లో ముగ్గు, పక్కన కరివేపాకు చెట్టు కనిపిస్తే తలుపు కొట్టి తెలుగులోనే పలకరించవచ్చు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ దాకా లైను పూర్తిచేసింది 1931లో. మధ్య పరగణాల సరుకు దగ్గరి దారిన సముద్రానికి చేరాలన్నది వాళ్ల లెక్క. విశాఖలో రేవు 1933లో తెరిచారు. సరుకు అటు దిగింది. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల మనుషులు ఇటు ఎక్కివచ్చారు.

పొద్దున్నే పిన్ని డబ్బాలో పులిహోర సర్ది ఇచ్చింది. "ఎండ ముదరకముందే ఎక్కడో ఓచోట నీడ పట్టుకు కూచో నాన్నా. ఇక్కడి ఎండ మన విజీనగరం ఎండ కాదు. చెమటైనా పట్టదు, తిన్నగా పడేస్తాది" అంది. మే నెలాఖరులో వచ్చే తొమ్మిది రోజుల ఎండలను ఇక్కడ నౌతపా అంటారు. రోళ్లు పగులుతాయని మనం చెప్పుకునే రోహిణి కార్తె అప్పుడే వస్తుంది. అది ఇంకా రానేలేదు, అయినా ఎనిమిదింటికే స్టేషను రేకులు కాలుతున్నాయి.

నేనెక్కింది అభన్‌పూర్ మెము. మార్చి 30న ప్రధాని మోదీ బిలాస్‌పూర్ దగ్గరి సభలో జెండా ఊపి ప్రారంభించిన బండి. మందిర్ హసౌద్ దాకా మన విజయనగరం లైనులోనే వెళ్లి, అక్కడ దక్షిణానికి తిరిగి, కొత్త రాజధాని నవా రాయ్‌పూర్‌లోని సీబీడీ, ఆపైన కేంద్రి మీదుగా అభన్‌పూర్ చేరుతుంది. ఆ ఏడే దీన్ని మహానది ఒడ్డున ఉన్న రాజిం దాకా పొడిగించారు కూడా. టికెట్ పది రూపాయలు. ఒకప్పుడు రాయ్‌పూర్ ఊరి మధ్యలోంచి ధమ్తరీకి నేరోగేజి బండి నడిచేది. దాని పట్టాలు తీసి ఆ జాగాలో ఎక్స్‌ప్రెస్‌వే వేశారు. ఆ చిన్నబండి పోయాక చాలాకాలానికి మళ్లీ ఇటువైపు పేదవాడి జేబుకి అందే రైలొచ్చింది.

ఎండల దెబ్బకి ఆ ఏడు బడి సెలవులు ముందుకు జరిపి ఏప్రిల్ 25 నుంచే ఇచ్చేశారు. పెట్టె నిండా పిల్లలే. చాలామంది ఎక్కడికో వెళ్లడానికి ఎక్కలేదు, రైలెక్కడానికే ఎక్కారు. నా ఎదురుగా ఒక తల్లి, ఇద్దరు పిల్లలు, నాయనమ్మ. పిల్లవాడు టికెట్‌ను రెండు చేతులా పట్టుకుని, ఊరి పేర్లు కూడబలుక్కుని చదివి, చివరున్న ఊరు వచ్చేదాకా ఎవ్వరూ దిగకూడదని శాసించాడు. నాయనమ్మ ఒళ్లో సీమచింతకాయల పొట్లం ఉంది. నాకూ నాలుగు పెట్టింది. "అభన్‌పూర్‌లో ఎవరున్నారమ్మా?" అని అడిగితే, ఎవరూ లేరట. వెళ్లి, స్టేషన్లో నీళ్లు తాగి, అదే బండిలో తిరిగొస్తారట. వేసవి సెలవుల్లో పిల్లలకు ఏం చూపించావని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఆ ఇంటికి ఒక ప్రయాణం దొరికింది.

మందిర్ హసౌద్‌కి ఊరి ముఖం ఒకటి, రోడ్డు ముఖం ఒకటి. సూరత్ నుంచి పారాదీప్ ఓడరేవు దాకా పోయే 53వ నంబరు జాతీయ రహదారి ఊరిని ఒరుసుకుంటూ పోతుంది. టైర్ల పంక్చర్ షాపులు, ధాబాలు, లారీల మధ్య ఒక హోటలు బల్లమీద కూర్చుని టీ చెప్పాను. హిందీ పేపరు నాలుగు ముక్కలై నలుగురి చేతుల్లో ఉంది. ఆ వారం కబుర్లన్నీ సుశాసన్ తిహార్ చుట్టూ తిరుగుతున్నాయి. ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయ్ ప్రభుత్వం ఏప్రిల్ 8 నుంచి 11 దాకా ఊరూరా పెట్టెలు పెట్టి అర్జీలు తీసుకుంది. మే 5 నుంచి శిబిరాలు పెట్టి జవాబులు చెబుతామంది. తలపాగా పెద్దాయన ఒకరు తన వీధి బోరింగు కోసం అర్జీ వేశారట. "మే 5న వాళ్లు ఏం చెబుతారో గాని, నా కాగితం మాత్రం నా చేత్తోనే వేశాను" అని రెండుసార్లు చెప్పారు. ఆయన ముఖంలో నాకు కనబడింది ఆశే. అది వమ్ము కాకూడదని ఇప్పటికీ కోరుకుంటున్నాను.

హోటలు వెనక సందులో కూరల అంగళ్లు. ఛత్తీస్‌గఢ్ వాళ్లు ఆకుకూరల మనుషులు. మన గోంగూరకి దగ్గరి చుట్టమైన అమారీ భాజీ, ఎర్ర తోటకూర, చెంచ్ భాజీ అన్నీ కుప్పలుగా ఉన్నాయి. అయితే జనం మూగింది బోహార్ భాజీ దగ్గర. అవి మన విరిగిచెట్టు లేత మొగ్గలు, చిగుళ్లు. వేసవిలో కొన్నాళ్లే దొరుకుతాయి, పెద్ద చెట్లెక్కి కోయాలి, అందుకే ధర కూడా గట్టిగానే ఉంటుంది. అమ్మే ఆమె మొగ్గలను వేళ్లతో చెదిరించి, వాడినవి ఏరి పక్కన పడేసి, మిగిలినవి తూచి ఇస్తోంది. మజ్జిగ పోసి పుల్లగా వండాలని చెప్పింది.

ఆ సందులోనే బొమ్మల పెళ్లి జరుగుతోంది. అక్తీ అంటే ఇక్కడ పిల్లలు బొమ్మలకు పెళ్లిళ్లు చేసే రోజు. మట్టితో చేసిన జంట బొమ్మలను, పుతరా-పుతరీలను, బజారులో కొనుక్కొచ్చి నిజం పెళ్లి తంతు ఒక్కటీ వదలకుండా చేస్తారు. నాలుగు కర్రలు పాతి, పైన మామిడాకులు, మేడికొమ్మలు కప్పి బెత్తెడు ఎత్తు పందిరి వేశారు. పెళ్లికూతురికి పసుపు చీరముక్క, పెళ్లికొడుక్కి బీడీ పొడుగంత తలపాగా. పొద్దున చులమాటీ అయిందట, అంటే పుట్టమన్ను తేవడంలా మట్టి తవ్వి తేవడం. పసుపు రాయడం కూడా అయింది. నేను వెళ్లేసరికి టికావన్ నడుస్తోంది. పెద్దలు వరసగా వచ్చి బియ్యపు గింజలు బొమ్మల నుదుట అంటించి కానుక చదివిస్తున్నారు. రెండు జడల పిల్ల ఒకతి నోటుపుస్తకం పట్టుకుని ఎవరెంత ఇచ్చారో రాస్తోంది. నేనూ అక్షతలు పెట్టి చదివించాను. పేరేమిటని అడిగి, "విశాఖపట్నం మామయ్య" అని హిందీలో రాసుకుంది. మా ఇళ్లలోనూ మా అమ్మ చిన్నతనంలో బొమ్మల పెళ్లిళ్లు చేశారు. పట్నాల్లో అవి ఎప్పుడో పోయాయి. ఇక్కడ లారీల రోడ్డుకి పది గజాల దూరంలో ఇంకా బతికి ఉన్నందుకు చాలా సంతోషించాను.

చంద్‌ఖురీకి ఆటో మాట్లాడుకున్నాను. ఆటో భైయాది మందిర్ హసౌదే. చంద్‌ఖురీలో జల్‌సేన్ చెరువు నడుమ కౌసల్యమ్మ గుడి ఉంది. బాలరాముణ్ని ఒళ్లో పెట్టుకున్న తల్లికి గుడి. దక్షిణ కోసల అంటే ఈ ప్రాంతమేనని, కౌసల్య పుట్టిల్లు ఇదేనని ఇక్కడివాళ్ల గట్టి నమ్మకం. 2021 అక్టోబరు 7న, రామవనగమన పథం పనుల్లో భాగంగా గుడిని, చెరువును కొత్తగా తీర్చి అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ప్రారంభించారు. వంతెన, దీపాలు, పెద్ద పెద్ద విగ్రహాలు అప్పుడు వచ్చినవే. నాకు ఆ విగ్రహాలకన్నా చెరువు నచ్చింది. గట్టున ఆడవాళ్లు బట్టలుతుకుతున్నారు, మెట్ల మీంచి కుర్రాళ్లు నీళ్లలోకి దూకుతున్నారు.

గుడిలో ఒక పెద్దాయన ఓ పిల్లవాడి కాళ్లకి దండం పెట్టాడు. పిల్లవాడికి పదేళ్లుంటాయేమో. నేను ఆగిపోయాను. ఆటో భైయా చెప్పాడు: "భాంచా, భైయా. అక్క కొడుకు." కౌసల్య ఈ నేల ఆడబిడ్డ కాబట్టి రాముడు ఇక్కడందరికీ మేనల్లుడు. అందువల్ల ప్రతి మేనల్లుడిలోనూ రాముడున్నాడని మేనమామలు వాళ్ల కాళ్లకి మొక్కుతారు. మన వైపు మేనల్లుడంటే పిల్లనివ్వదగిన వరస, చనువుగా చెవి మెలేసే వరస. తలనెరిసిన మనిషి చిన్నవాడి ముందు వంగడం నేనెప్పుడూ చూడలేదు. పిల్లవాడు సిగ్గుపడి మెలికలు తిరిగాడు. రాముణ్ని రాజుగా కొలిచే ఊళ్లు దేశమంతా ఉన్నాయి. మా అక్క కొడుకని చనువుతో, ఆ చనువులోనే భక్తితో చూసే ఊళ్లు ఇవి. నా మటుకు నాకు ఇంతకన్నా పెద్ద ఉత్సవం ఆ గుడికి అక్కర్లేదనిపించింది.

మధ్యాహ్నం ఆటో భైయా వాళ్లింట్లోనే ఆగాం. వాళ్లమ్మగారు బాసీ పెట్టారు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచి పొద్దున తింటే బాసీ, అప్పటికప్పుడు నీళ్లు పోసుకుంటే బోరే. కంచు గిన్నెలో అన్నం, ఉప్పు, పచ్చి ఉల్లిపాయ, మామిడికాయ పచ్చడి, పక్కన పొద్దుటి బోహార్ భాజీ. పుల్లటి ఆ నీళ్లు గొంతు దిగుతుంటే మా నాయనమ్మ తరవాణి కుండ గుర్తొచ్చింది. 2022లో మే డే రోజున కార్మికుల గౌరవంగా అందరూ బోరే-బాసీ తినండని బఘేల్ పిలుపునిచ్చినప్పుడు ఆఫీసర్లు కూడా గిన్నెలతో ఫొటోలు దిగారు. ఈ తల్లికి ఆ సంగతి తెలుసు. "మేం రోజూ తింటాం బాబూ" అని నవ్వింది. నా పులిహోర డబ్బా ఆ ఇంటి పిల్లలు ఖాళీ చేశారు.

సాయంత్రం నవా రాయ్‌పూర్ వైపు. 320 హెక్టార్ల జంగిల్ సఫారీ, 2006లో రాష్ట్రపతి కలాం ప్రారంభించిన పురఖౌతీ ముక్తాంగన్, న్యూజీలాండ్‌ని 2023లో మనవాళ్లు 108కి ఆలౌట్ చేసిన క్రికెట్ స్టేడియం, అన్నీ ఇటే. రోడ్లు విశాలం, శుభ్రం. అయితే కారున్నవాళ్ల కోసం వేసిన రోడ్లవి. పొద్దున రైల్లో చూసిన నాయనమ్మ పది రూపాయలతో సీబీడీ దాకా రాగలదు. అక్కడి నుంచి పులిని చూపించడానికి పిల్లలను తీసుకెళ్లాలంటే ఆటోకి ఇచ్చే డబ్బుతో ఆ రైల్లో ఇంటిల్లిపాదీ ఎన్నోసార్లు తిరిగిరావచ్చు. సెలవుల రెండు నెలలైనా రైలు వేళకి ఒక బస్సు నిలబెడితే ఆ కుటుంబం అభన్‌పూర్ నీళ్లతోనే తిరిగిపోదు. రైలు వేసినవాళ్లకి ఇది కష్టమైన పని కాదు.

మర్నాడు పిన్నిని కూడా బయల్దేరదీశాను. అదే ఆటో భైయా ఆరంగ్ మీదుగా చంపారణ్ తీసుకెళ్లాడు. వల్లభాచార్యులు 1479లో పుట్టిన చోటు. తండ్రి లక్ష్మణ భట్టు, తల్లి ఇల్లమ్మగారు, తెలుగు దంపతులు. కాశీ మీద దాడి వస్తుందని విని, నిండు మనిషిని వెంటబెట్టుకుని ఆ తండ్రి ఈ అడవిదారిన వస్తుండగా నెలలు నిండకుండానే కాన్పయింది. చలనం లేని బిడ్డను గుడ్డలో చుట్టి జమ్మిచెట్టు కింద వదిలి వెళ్లారని, తిరిగొచ్చి చూస్తే చుట్టూ నిప్పుల వలయం మధ్య బిడ్డ ఆడుకుంటున్నాడని ఆయన నెలకొల్పిన పుష్టిమార్గం వాళ్లు చెప్పుకుంటారు. జయంతి ఉత్సవం అయి వారమైంది, అయినా గుజరాతీ యాత్రికులు తగ్గలేదు. పిన్ని ఇన్నేళ్లుగా రాయ్‌పూర్‌లో ఉండి ఒక్కసారీ ఇక్కడికి రాలేదు. ఆ కథ విన్నప్పటి నుంచి మాట్లాడకుండా నడుస్తోంది. భోజనాల వరసలో పక్కన కూర్చున్న గుజరాతీ ఆవిడ ఏ ఊరని అడిగితే మాత్రం తన రైల్వే కాలనీ హిందీలో గట్టిగా చెప్పింది: "ఆ ఇల్లమ్మగారు మా అటేపు మనిషే. దారిలో నొప్పులొస్తే పక్కన పుట్టింటివాళ్లు ఒక్కరూ లేరు, పాపం." ఆవిడ పిన్ని చెయ్యి పట్టుకుని, మీ ఊరు ఎక్కడ, ఏ రైలెక్కాలి అని అడగడం మొదలుపెట్టింది. పిన్ని పార్వతీపురం నుంచి ఒక్కో స్టేషనూ వరసగా చెప్పుకొచ్చింది, మందిర్ హసౌద్‌తో సహా.