గోటికి తగిలే మెట్టు

ఇంజను హెడ్డు విప్పాక నేను ముందు వాడేది కొలత పరికరం కాదు, బొటనవేలి గోరు. సిలిండరు లైనరు లోపలి గోడకి గోరు ఆనించి కింది నుంచి పైకి లాగుతాను. పైఅంచుకి కాస్త ఇవతల ఒక మెట్టు తగిలి గోరు ఆగిపోతుంది. పిస్టన్ పై రింగు వెళ్లి వెనక్కి తిరిగే చోటు అదే. తిరిగే ముందు పిస్టన్ ఒక్క క్షణం ఆగుతుంది. కదలిక లేకపోతే నూనె పొర నిలవదు. మంట వేడి, ఒత్తిడి కూడా సరిగ్గా ఆ సమయానికే మీద పడతాయి. అందుకే లైనరు నిలువునా ఒకేలా అరగదు. పైన గుంత పడిపోయినా, కింద మొదట హోనింగ్ రాయితో గీసిన అడ్డగీతలు అలాగే కనిపిస్తుంటాయి. బోర్ గేజి ఆ తర్వాత పెడతాను. చాలాసార్లు అది గోరు చెప్పిన మాటనే అంకెల్లో చెబుతుంది.

ఎచ్చెర్లలో హైవే పక్కన మా షాపు. ట్రాక్టర్లు, లారీలు, పొలం మోటారింజన్లు ఏడాది పొడుగునా వస్తాయి. బుడగట్లపాలెం నుంచి బోటు ఇంజన్లు మాత్రం ఒక్కసారే వచ్చి పడతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం కదా, ఆ రెండు నెలల్లోనే వాళ్లు ఇంజను దింపి బాగుచేయించుకోవాలి. మాకూ అప్పుడే ఊపిరాడదు.

వాళ్లు అడిగేది ఒకటే: "మేస్త్రీ, ఇది మల్లీ అరక్కండా ఏదైనా పూత పెట్టీయ్." రింగుకీ క్రోమ్, లైనరుకీ క్రోమ్ పెడితే జన్మలో అరగదని నమ్మిన వాళ్లని చాలామందిని చూశాను. అలా చెయ్యకూడదు. పై రింగుకి క్రోమ్ పూత ఉంటే అది తిరిగే గోడ పోత ఇనుముదై ఉండాలి. పోత ఇనుములో గ్రాఫైటు రేకులుంటాయి, హోనింగ్ గీతల్లో నూనె నిలుస్తుంది. నున్నటి క్రోమ్ నూనెని పట్టుకోదు. క్రోమ్ మీద క్రోమ్ తిరిగితే వేడికి ఒకదాన్నొకటి కరుచుకుని రెండూ చీరుకుపోతాయి. క్రోమ్ లైనర్లు లేకపోలేదు. వాటి పూతలో నూనె నిలవడానికి కావాలనే సన్నని రంధ్రాలు చేస్తారు. వాటికి పూత లేని రింగులే వెయ్యాలి. మోలీ రింగులదీ ఇదే కథ. కరిగిన మాలిబ్డినమ్‌ని చిమ్మి వేసిన ఆ పూత గుల్లగా ఉంటుంది, ఆ గుల్లతనమే దానికి నూనె గిన్నె. ఏది ఎంత గట్టిదని కాదు, దేనికి ఏది జోడీ అని అడగాలి.

నేను ఎక్కువగా చేసేది షాఫ్టుల పని. బోటు ఇంజను నీటి పంపు షాఫ్టు మీద సీలు కూర్చునే చోట ఉప్పునీరు, ఇసుక కలిసి చుట్టూ గాడి కోసేస్తాయి. కొత్త షాఫ్టు అన్నిసార్లూ దొరకదు. అందుకని మెటల్ స్ప్రే చేస్తాం. ముందు లేత్ మీద ఆ భాగాన్ని పక్కకి అర మిల్లీమీటరు దాకా కోసి, గ్రిట్ రజను చిమ్మి గరుకు చేస్తాం. గన్నులో ఆక్సిజన్, ఎసిటిలీన్ మంటలోకి 13 శాతం క్రోమియం ఉన్న స్టీలు తీగ వెళ్తుంది. అది కరిగిన చోటే గాలి ఒత్తిడి దాన్ని తుంపర్లుగా చిమ్ముతుంది. ఒక్కో తుంపర షాఫ్టుకి తగిలి పెసరట్టులా పరుచుకుని, గరుకులో ఇరుక్కుని గట్టిపడుతుంది. అలా పొర మీద పొర. వెల్డింగులోలా కింది లోహం కరగదు. ఆ ఇరుక్కోవడమే దాని పట్టు, ఇంకే ఆధారమూ లేదు.

ఈ మాట నాకు పుస్తకంలో తెలుసు. చేతికి తెలిసింది మాత్రం ఒక మే నెలలో. గన్ను కొన్న మొదటి ఏడాది. ఒక షాఫ్టుని గరుకు చేసి పక్కన పెట్టి భోజనానికి వెళ్లాను. వచ్చాక చేత్తో తీసి చక్‌లో బిగించి స్ప్రే చేశాను. గ్రైండింగ్ అయ్యాక అద్దంలా మెరిసింది. వేట మొదలైన పదకొండో రోజున ఆ బోటు మనిషి షాఫ్టుని గోనెగుడ్డలో చుట్టుకుని వచ్చాడు.

"ఏటి మేస్త్రీ, సున్నం పెచ్చునాగ ఊడొచ్చీసింది!"

పెచ్చుని చేతిలోకి తీసుకుని తిరగేశాను. అడుగున సన్నగా ఇటికరంగు పొడి. అది తుప్పు. సముద్రం నుంచి వచ్చే తేమగాలికి, గరుకు చేసిన పచ్చి ఇనుము గంటలోపే తుప్పు పట్టేస్తుంది, కంటికి కనపడనంత పల్చగా. దానికి తోడు మే నెల చెమట చేయి. ఆ రెండింటి మీద నేను లోహం చిమ్మాను. పూత పట్టుకున్నది ఇనుముని కాదు, తుప్పుని. పదకొండు రోజుల వేటకి అతనికి వచ్చిన డీజిల్ అప్పు నా భోజనం వల్ల వచ్చిందని ఆ రోజు నాకు అన్నం సహించలేదు. డబ్బు వెనక్కి ఇచ్చి, షాఫ్టు మళ్లీ చేసిచ్చాను.

అప్పటి నుంచి గ్రిట్ చిమ్మాక స్ప్రే అయ్యేదాకా లేత్ దగ్గర నుంచి కదలను. షాఫ్టుని ఉతికిన నూలు చేతితొడుగుతోనే పట్టుకుంటాను. మంటతో నూరు డిగ్రీల చుట్టూ వేడిచేసి తేమ పోయాకే తీగ వదులుతాను. వాన పట్టిన రోజు ఆ పని పెట్టుకోను, ఎవరెంత తొందర పెట్టినా. పగులు పడ్డ షాఫ్టుకి అసలు స్ప్రే చెయ్యను. పూత అరిగిన కొలతని తిరిగి ఇస్తుంది గాని పోయిన బలాన్ని ఇవ్వదు.

హార్డ్ క్రోమ్ పని మా దగ్గర లేదు, విశాఖకి పంపుతాం. కుర్రతనంలో రెండేళ్లు ఒక క్రోమ్ షాపులో నేనే చేశాను. లీటరుకి పావుకిలో క్రోమిక్ యాసిడ్, దానికి నూరో వంతు సల్ఫ్యూరిక్, 55 డిగ్రీల వేడి. పూత గంటకి 25 మైక్రాన్ల లెక్కన ఎక్కుతుంది, అంటే పదో వంతు మిల్లీమీటరుకి నాలుగు గంటలు. అంతసేపూ తొట్టి మీంచి పచ్చటి ఆవిరి లేస్తూనే ఉండేది. పీల్చే ఫ్యాను చెడిపోయి నెలలు గడిచినా బాగుచేయించలేదు. నాతో పనిచేసిన అన్నకి రోజూ ముక్కు నుంచి రక్తం కారేది, చివరికి రెండు ముక్కుపుటాల మధ్య గోడకి చిల్లు పడింది. ఆ ఆవిరి ముక్కునే కాదు, ఊపిరితిత్తులకి క్యాన్సర్‌నీ తెస్తుందని తర్వాత చదివాను. ఐరోపా సమాఖ్యలో 2017 సెప్టెంబరు నుంచి ప్రత్యేక అనుమతి లేనిదే క్రోమిక్ యాసిడ్ వాడనివ్వరు. తట్టుకునే పూత ఇంజనుకి కావాలి, నిజమే. దాన్ని వేసే మనిషి ముక్కు అరిగిపోతే ఆ పూతకి నేను డబ్బివ్వలేను. ఇప్పుడు పని పంపే ముందు స్వయంగా వెళ్లి ఫ్యాను తిరుగుతోందో లేదో చూసి వస్తాను.

క్రోమ్‌కి బదులు దారులు మన దగ్గరే ఉన్నాయి. హైదరాబాద్ బాలాపూర్‌లో 1997లో ఏర్పడిన ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రం డిటొనేషన్ స్ప్రే పద్ధతిని ఇక్కడి చిన్న పరిశ్రమలకి నేర్పి ఇచ్చింది. గొట్టంలో ఆక్సిజన్, ఎసిటిలీన్ కలిపి పేలుస్తారు, సెకనుకి మూడుసార్లు. ఆ పేలుడు టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని ధ్వని కంటే వేగంగా తీసుకెళ్లి కొడుతుంది. అలా వేసిన పూత ఉన్న పంపు స్లీవు ఒకటి నా చేతికి వచ్చింది. ఆకురాయి జారిపోయింది తప్ప గీత పడలేదు. మత్స్యకారుడు భరించే ధరకి అది ఇంకా రాలేదు. రావాలని నా కోరిక.

ఆ గోనెగుడ్డ మనిషి మరుసటి ఏడాది నిషేధం మొదలైన మూడో రోజే ఇంజను దింపుకుని వచ్చాడు. నేను రెండోసారి చేసిన షాఫ్టుని అతని ఎదుటే కిరోసిన్‌తో కడిగాను. సీలు కూర్చునే చోట గోరు పెట్టి లాగాను. ఆగలేదు. మైక్రోమీటరుతో మూడుచోట్ల కొలిచాను. ఒక్కచోట మిల్లీమీటరులో రెండు వందో వంతులు తగ్గింది, మిగతా రెండుచోట్ల కొలత కొలతలాగే ఉంది.

"ఏటంతంది?" అన్నాడు.

"ఇంకో ఏడాది పోనీ" అన్నాను. సీలు ఒక్కటే మార్చి బిగించి ఇచ్చాను.