మేము చూచిన మత్స్యశాల

సదుము ప్రాంతమువారమగు మాకు చేప యనగా చెరువులోని కొరమీను, బొచ్చె, జెల్ల మాత్రమే. తూర్పు సముద్రము కనుమల కావల నెక్కడనో యున్నది. కావున మేము మా విద్యార్థులను వెంటబెట్టుకొని చెన్నపట్టణమునకు పోయి మత్స్యశాలను చూచి వచ్చితిమి. అచట నేర్చినదానికంటె ఇంటికి వచ్చిన పిమ్మట నేర్చినది మిక్కుటము గనుక, ఆ సంగతి యీ సంచికయందు వ్రాయుచున్నాము.

ఆ నగరమునకు మత్స్యశాల క్రొత్త గాదు. 1909 సం॥న మెరీనా తీరమున నొకటి తెరువబడి, రెండవ ప్రపంచ యుద్ధకాలమున మూయబడినది. జంతుశాలను 'బ్రతికిన కాలేజి' యనియు, ఎగుమూరు ప్రదర్శనశాలను 'చచ్చిన కాలేజి' యనియు పిలిచిన ఆనాటి పల్లెవారు దానిని గూడ విస్మయముతో చూచియుందురు. మేము చూచినది 2019 సం॥న ఇంజంబాక్కమున తెరువబడిన గాజు సొరంగపు మత్స్యశాల.

పగడపు దిబ్బల మీనముల సొగసు వర్ణింప మాకు శక్యము గాదు. నారింజవన్నె మేనిపై తెల్లని పట్టెలుగల విదూషక మీనము, సముద్రపుష్ప మనబడు జంతువుయొక్క విషపు తంతువుల నడుమ నిర్భయముగా నాడును. దాని యొడలి జిగురే దానికి కవచము. సీతాకోక మీనములు కొన్నింటికి తోకదాపున కన్నువంటి మచ్చ యుండును. శత్రువు అదియే తల యని భ్రమించును. చిలుకమీనము పగడపు రాతిని కొరికి ఇసుకగా విసర్జించును.

"అయ్యవారూ, మన ఆంధ్రతీరమున నివి యేల లేవు?" అని యొక బాలిక యడిగెను. పగడపు జీవులకు నులివెచ్చని తేటనీరు వలయుననియు, గోదావరీ కృష్ణలు తెచ్చు మంచినీటిని, ఒండ్రును అవి సహింపవనియు, రామేశ్వరము దాపున మన్నారు సింధుశాఖలో అట్టి దిబ్బలు గలవనియు చెప్పితిమి.

ఇక మా తప్పు చెప్పవలసియున్నది. తిరుగు ప్రయాణమున ఒక అంగడిలో విదూషక మీనము నొకదానిని కొంటిమి. దీనికి సముద్రజలము వలయునని అంగడివాడు హెచ్చరించినను, ఉపాధ్యాయులమను గర్వముచే, బావినీటిలో వంటయుప్పు కలిపిన చాలునని తలచితిమి. మూడవనాటి యుదయమున అది నీటిపై తేలియుండెను. దానికి పేరు పెట్టి ముద్దుగా చూచుకొనుచుండిన ఆ బాలిక చాలసేపు మాటాడక నిలిచి, "అయ్యవారూ, ఇది తన యిల్లు విడిచి వచ్చినది మన వేడుక కొరకే కదా?" అనెను. మాకు ప్రత్యుత్తరము తోచలేదు.

పిమ్మట చదివి తెలిసికొంటిమి. లీటరు సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణము లుండును. అందు వంటయుప్పే గాక మెగ్నీషియము, కాల్షియము మున్నగువాని లవణములును గలవు. చేప విసర్జించు అమ్మోనియా విషమును హరించు సూక్ష్మజీవులు క్రొత్త తొట్టిలో నెలకొనుటకు వారములు పట్టును. అలంకారమునకై అమ్మబడు సముద్రమీనములలో పెక్కు దిబ్బలనుండి పట్టి తెచ్చినవే. మండపమునందలి పరిశోధకులు విదూషక మీనములను తొట్లలోనే పొదిగించి పెంచుచుండుట సంతోషకరము. మన్నారు సింధుశాఖలోని 21 దీవులు 1986 సం॥న సముద్ర జాతీయోద్యానముగా ప్రకటింపబడినను, సముద్రము వేడెక్కుటచే 2016 సం॥న అచటి పగడములు తెల్లబారి, పెక్కు నశించినవి.

సృష్టికర్త అయిదవ దినమున జలచరములను కలుగజేసెననియు, వానిపై మనుష్యునకు అధికార మిచ్చెననియు ఎన్నియో యేండ్లుగా బోధించుచు వచ్చితిమి. అధికార మనగా కాపరితనమని ఆ చిన్న తొట్టి మాకు నేర్పినది. అందిప్పుడు మన చెరువు చేపపిల్లలు ఆడుచున్నవి. ఆ బాలికయే నీరు మార్చును. తలిదండ్రులారా, మీ బిడ్డలను మత్స్యశాలకు తప్పక తీసికొని పొండు. కన్నులార చూడనిండు. వట్టి చేతులతో తిరిగి రండు.